తాత్కాలికం: గడువు ఎవరి చేతిలో?

రైల్వే కౌంటర్లో 'తత్కాల్' అంటే ఇప్పటికిప్పుడు. ప్రభుత్వ కార్యాలయంలో 'తాత్కాలికం' అంటే కొన్నాళ్ల వరకే. రెండూ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చినవి. 'తత్కాలం' అంటే ఆ సమయం, దానికి చెందినది తాత్కాలికం. ముగిసిపోవడం అన్న ఊహ ఆ మాటలో మొదట లేదు. భాస్కరాచార్యుడు 1150లో సిద్ధాంత శిరోమణి రాస్తూ గ్రహానికి 'తాత్కాలిక గతి' అన్నప్పుడు ఆ క్షణాన దానికున్న వేగమనే ఉద్దేశం. జాతకాలు చూసేవాళ్లకు మరో వాడుక ఉంది. గ్రహాల మధ్య నైసర్గిక మైత్రి ఒకటి, తాత్కాలిక మైత్రి ఒకటి. మొదటిది ఏ జాతకంలోనైనా మారదు. రెండోది పుట్టిన వేళకు ఏ గ్రహం ఎక్కడుందన్నదాన్ని బట్టి తేలుతుంది. తేలాక మాత్రం ఆ తాత్కాలిక మైత్రి ఆ జాతకుడికి బతికున్నంత కాలం వర్తిస్తుంది. మన పరిపాలనలో ఈ మాట నడిచిన తీరు చూస్తే, నిఘంటువు అర్థం కంటే జ్యోతిష్కుల అర్థమే వాస్తవానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

దీనికి చుట్టాలైన మాటలు ఇంకా ఉన్నాయి. మధ్యంతరం అన్నప్పుడు అవతల ఏదో రాబోతోందని అర్థం. పీఆర్సీ వచ్చేదాకా మధ్యంతర భృతి, తీర్పు వచ్చేదాకా మధ్యంతర ఉత్తర్వు. ఆపద్ధర్మం అన్నప్పుడు మామూలు రోజుల ధర్మం కాదు, ఆపద తీరేదాకా నడిపించుకునేదని అర్థం. 2018 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ రద్దయ్యాక డిసెంబర్ ఎన్నికల దాకా ఉన్నది ఆపద్ధర్మ ప్రభుత్వం. ఇన్‌చార్జి అంటే కుర్చీ వేరొకరిదన్న మాట. వీటన్నిటికీ అవతలి గట్టు కనబడుతూనే ఉంటుంది. తాత్కాలికం ఒక్కటే ఆ గట్టును చూపించదు. ఇది ఎప్పటికీ ఉండదు అని మాత్రం చెబుతుంది. ఎప్పుడు పోతుందో, ఎవరు తీసేస్తారో, తీసేశాక ఏమొస్తుందో చెప్పదు. అందుకే రెండు పక్షాలకు రాజీ కుదరనప్పుడు కాగితం మీదికి ఈ మాట వస్తుంది. ఇద్దరూ సంతకం పెడతారు. ఎవరికి కావలసిన ముగింపును వాళ్లు ఊహించుకుంటారు.

ఇలాంటి కాగితాలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఒక ఏర్పాటు తాత్కాలికమా కాదా అన్నది దాని శీర్షికలో ఉండదు, గడువు అంకెలో కూడా పూర్తిగా ఉండదు. అందరూ చేతులు ముడుచుకుని కూర్చుంటే ఏమవుతుందన్నదానిలో ఉంటుంది. ఎవరూ కదలకపోయినా దానంతటది ఆగిపోతే అది తాత్కాలికం. ఆపడానికి ఎవరో ఒకరు పూనుకోవాల్సి వస్తే, పేరేదైనా, అది ఉండిపోయేదే.

దీన్ని పరీక్షించడానికి రాజ్యాంగం 21వ భాగాన్ని మించిన చోటు లేదు. 1950లో ఆ భాగం శీర్షికలో తాత్కాలిక నిబంధనలు, మార్పుకాలపు నిబంధనలు అని రెండు రకాలే ఉన్నాయి. నాగాలాండ్ కోసం 1962లో చేసిన 13వ సవరణ 'ప్రత్యేక' అన్న మూడో రకాన్ని కలిపింది. ఆ భాగంలో మొదటిది 369వ అధికరణం. పత్తి, బట్టలు, తిండి గింజలు, పశుగ్రాసం లాంటి కొన్ని సరుకుల వ్యాపారం మీద, రాష్ట్రాల జాబితాలోవైనా సరే, పార్లమెంటు అయిదేళ్ల పాటు చట్టాలు చేయవచ్చని అది చెప్పింది. యుద్ధకాలపు కొరత ఇంకా తీరని రోజులవి. అయిదేళ్లు నిండవచ్చే ముందు 1954లో మూడో సవరణ తెచ్చి, ఆ సరుకుల్లో ముఖ్యమైనవాటిని ఉమ్మడి జాబితాలో 33వ పద్దు కింద శాశ్వతంగా చేర్చేశారు. 369 నిజంగానే గడువుకు ముగిసింది. దాని పని మాత్రం ముగియలేదు, చిరునామా మార్చుకుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే పక్క ఇంటి నంబర్ 370.

370వ అధికరణం ముసాయిదాను 1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టినది గోపాలస్వామి అయ్యంగార్. శీర్షికలో తాత్కాలికమనే ఉంది. గడువు అంకె లేదు. మూడో క్లాజులో మాత్రం ముగించే దారి చూపారు: రాష్ట్రపతి ఒక నోటిఫికేషన్‌తో ఈ అధికరణం ఇక అమల్లో లేదని ప్రకటించవచ్చు, అయితే దానికి ముందు జమ్మూకశ్మీర్ రాజ్యాంగ సభ సిఫారసు ఉండాలి. తాళం రాష్ట్రపతి దగ్గర, తాళంచెవి శ్రీనగర్లో. ఆ సభ 1951లో మొదలై, రాష్ట్రానికి వేరే రాజ్యాంగం రాసి, 1957 జనవరిలో ముగిసింది. 370ని ఉంచమనీ చెప్పలేదు, తీసేయమనీ చెప్పలేదు.

ఇక్కడినుంచి ఒకే మౌనాన్ని మూడు రకాలుగా చదివారు. సిఫారసు చేయవలసిన సభే లేకుండా పోయింది కాబట్టి తీసేసే దారి మూసుకుపోయిందని, అంటే అది శాశ్వతమైపోయిందని ఒక వాదం. సభ పని ముగిసింది కాబట్టి దానికోసం పెట్టిన అధికరణం కూడా అక్కడితో ముగిసినట్టేనని ఇంకో వాదం. 1968లో సంపత్ ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు ఆ రెండో వాదాన్ని ఒప్పుకోలేదు, అధికరణం అమల్లోనే ఉందన్నది. యాభై ఏళ్ల తర్వాత, 2018లో కూడా, శీర్షికలో తాత్కాలికమని ఉన్నంత మాత్రాన అది తాత్కాలికం కాదన్న మాటే కోర్టులో వినబడింది. మూడో చదువు 2019 ఆగస్టు 5, 6 తేదీల్లో వచ్చింది. ఆ రోజుల ఉత్తర్వులు ముందు 'రాజ్యాంగ సభ' అన్న చోట 'శాసనసభ' అని చదువుకోమన్నాయి. శాసనసభ కూడా లేదు, రాష్ట్రపతి పాలనలో దాని తరఫున పార్లమెంటే ఉంది. 2023 డిసెంబర్ 11న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చదువుకోవడం చెల్లదని అంటూనే, ఫలితాన్ని మాత్రం నిలబెట్టింది. యుద్ధ పరిస్థితుల్లో, మార్పుకాలం కోసం పెట్టిన నిబంధన అది, రాజ్యాంగ సభ పోయినా రాష్ట్రపతి అధికారం పోదు, ఆయన ఏకపక్షంగా ప్రకటించవచ్చు అని తేల్చింది.

ఆ తీర్పు మంచిచెడ్డల మీద దేశంలో వాదనలకు కొదవ లేదు, ఇక్కడ వాటి జోలికి పోనక్కర్లేదు. డెబ్భై ఏళ్లలో ఆ అధికరణంలో 'తాత్కాలిక' అన్న మాట ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా తాళంచెవి ఎవరి దగ్గరుందన్న ప్రశ్నకు సమాధానం. అది మారగానే శాశ్వతమనుకున్నది తాత్కాలికమైంది.

చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల సంగతి దీనికి తలకిందులు. 334వ అధికరణంలో ముగింపు స్పష్టంగా ఉంది: రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లకు, అంటే 1960 జనవరికి. ఎవరూ ఏమీ చేయకపోతే దానంతటది ఆగిపోతుంది. పై కొలబద్ద ప్రకారం ఇది అచ్చమైన తాత్కాలికం. ఆగనివ్వలేదు. 8వ సవరణ, 23, 45, 62, 79, 95, చివరికి 104: పదేళ్లకొకసారి ఏడు సవరణలు దాన్ని మోసుకుంటూ 2030 దాకా తెచ్చాయి. ప్రతిసారీ పార్లమెంటు రాజ్యాంగ సవరణకు కావలసిన మెజారిటీతో లేచి నిలబడి ఇంకో పదేళ్లు అనాల్సి వచ్చింది. పదేళ్లకొకసారి దేశం తన మాట తాను మళ్లీ చెప్పుకోవలసి రావడంలో నాకు గౌరవమే కనబడుతుంది. 2019లో 104వ సవరణ చేసినప్పుడు అదే అధికరణంలో ఉన్న ఆంగ్లో ఇండియన్ నామినేషన్లను పొడిగించలేదు. ఎవరూ రద్దు చేయలేదు, పాత గడువునే ఉంచేశారంతే. 2020 జనవరితో అవి పోయాయి. లోక్‌సభలో రెండు స్థానాలు, మన శాసనసభల్లో ఒక్కొక్కటి. పోయినట్టు గమనించినవాళ్లు కూడా తక్కువే.

ఈ పదేళ్ల గడువు గురించి టీ కొట్టు దగ్గర్నుంచి టీవీ చర్చ దాకా ఒక అపోహ ఉంది. అంబేడ్కర్ రిజర్వేషన్లన్నీ పదేళ్లకే పెట్టాడట, నాయకులు ఓట్ల కోసం సాగదీస్తున్నారట. పదేళ్ల గడువు చట్టసభల సీట్లకు మాత్రమే. ఉద్యోగాలకు వర్తించే 16(4)లో కానీ, చదువులకు 1951లో చేర్చిన 15(4)లో కానీ గడువనేదే లేదు. ఒక అధికరణంలోని అంకెను పట్టుకొచ్చి ఇంకో అధికరణం మీద అతికించడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. డెబ్భై ఏళ్లుగా ఎంత దిద్దినా పోని పొరపాటు, దీని ముందు ఏ తాత్కాలిక నిబంధనైనా దిగదుడుపే.

గడువు అంకె ఉన్నా దాన్ని తిరగేయవచ్చని చూపించినది ఇంగ్లిష్. 343వ అధికరణం ప్రకారం కేంద్రంలో ఇంగ్లిష్ వాడకం పదిహేనేళ్లే, 1965 జనవరి 26 దాకా. ఆ తర్వాత హిందీ. కావాలంటే పార్లమెంటు చట్టం చేసి కొనసాగించవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు. 1963 అధికార భాషల చట్టం ఆ వెసులుబాటును వాడుకుంది కానీ, ఇంగ్లిష్ కొనసాగ'వచ్చు' అని రాసింది. కొనసాగవచ్చు అంటే ఆపేయనూవచ్చు కదా అని మద్రాసు రాష్ట్రం అనుమానించింది. 1965 జనవరిలో అక్కడ మంటలు లేచాయి. 1967 చివర పార్లమెంటు ఆమోదించిన సవరణ ఆ అనుమానానికి జవాబు: హిందీని అధికార భాషగా తీసుకోని రాష్ట్రాల శాసనసభలన్నీ ఇంగ్లిష్ వద్దని తీర్మానాలు చేసేదాకా, ఆపై పార్లమెంటు ఉభయ సభలూ తీర్మానించేదాకా, ఇంగ్లిష్ ఉంటుంది. ముందు ఇంగ్లిష్ ఉండాలంటే ఎవరో కదలాలి. ఇప్పుడు పోవాలంటే అందరూ కదలాలి. పదిహేనేళ్లన్న మాటను చెరపకుండానే దాన్ని పూర్తిగా ఖాళీ చేసిన చట్టం ఇది. తమిళుల పట్టుదల దాని వెనకుంది. ఆ నీడలో తెలుగువాడూ నిలబడ్డాడు.

మన ఇంటి కథ ఇంకా చిక్కుముళ్లది. నిజాం రాజ్యంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ కావాలి, ముల్కీ కావాలంటే పదిహేనేళ్ల నివాసం ఉండాలి. 1956లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కలిసేటప్పుడు ఆ సంవత్సరం ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ఉద్యోగాలకు రక్షణ ఒక ముఖ్యమైన షరతు. రాజ్యాంగం ప్రకారం నివాస నిబంధన పెట్టగలిగేది పార్లమెంటే కనుక 1957లో ఒక చట్టం చేశారు. దేశమంతటా నివాస నిబంధనలు తీసేస్తూ, తెలంగాణతో పాటు మరికొన్ని ప్రాంతాలకు మినహాయింపు ఇచ్చింది ఆ చట్టం. మినహాయింపు గడువు అయిదేళ్లు. 1959 మార్చిలో అమల్లోకి వచ్చింది, 1964లో ఒకసారి, 1969లో ఇంకోసారి పొడిగించారు.

అయిదేళ్లలో ఏం జరుగుతుందని అనుకున్నారు? ఆంధ్ర ప్రాంతంవాళ్ల లెక్కలో, అప్పటికి తెలంగాణ చదువుల్లో అందుకుంటుంది, రక్షణ అవసరం తీరిపోతుంది. తెలంగాణవాళ్ల లెక్కలో, అయిదేళ్లు నిజాయితీగా అమలైతే చాలు. ఎవరి లెక్కా తేలలేదు. మినహాయింపు ఉన్న రోజుల్లోనే దానికి తూట్లు పడుతున్నాయన్న కోపం 1969 ఉద్యమంగా బద్దలైంది. ఉద్యమం మధ్యలో, మార్చి 28న, ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపే చెల్లదని కొట్టేసింది. నివాసం షరతుగా పెట్టదలిస్తే రాష్ట్రం మొత్తానికి పెట్టవచ్చు కానీ రాష్ట్రంలో ఒక ముక్కకు కాదన్నది కారణం. గడువు తీరకముందే తాత్కాలికం చచ్చింది.

అప్పుడు పాతది లేచింది. ముల్కీ నిబంధనలు 1957తోనే పోయాయని అందరూ అనుకుంటుండగా, 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు అవి ఇంకా బతికే ఉన్నాయని చెప్పింది. రాజ్యాంగం 35(బి) అధికరణం ప్రకారం, రాజ్యాంగానికి ముందున్న ఇలాంటి నిబంధనలు పార్లమెంటు మార్చేదాకానో రద్దు చేసేదాకానో కొనసాగుతాయి. గడువు రాసుకున్నది చచ్చిపోతే, గడువు రాసుకోనిది ఎవరూ ముట్టుకోలేదు కనుక బతికింది. ఆ తీర్పు మీద కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం, దాన్నిబట్టి 32వ సవరణ, 371డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఈసారి ఎక్కడా అయిదేళ్లని రాయలేదు. జిల్లాలు, జోన్లు, లోకల్, నాన్ లోకల్ అన్న మాటలు తెలుగు నిరుద్యోగి నోట్లో నానిపోయాయి. 2014లో రాష్ట్రం విడిపోతే ఆ అధికరణం కూడా పోతుందనుకున్నవాళ్లున్నారు. పోలేదు, విభజన చట్టం దాన్ని సవరించి రెండు రాష్ట్రాలకూ పంచింది. అయిదేళ్ల ఏర్పాటు పదేళ్లు తగాదా పెట్టింది, గడువులేని ఏర్పాటు యాభై ఏళ్లుగా నడుస్తోంది. తాత్కాలికం అనడం వల్ల రాజీ తేలిగ్గా కుదురుతుంది, నిజమే. కుదిరిన మరుసటి రోజు నుంచే గడువు రోజు ఏం జరుగుతుందన్న పోరు కూడా మొదలవుతుంది.

ఉమ్మడి రాజధాని మాత్రం ఇందుకు భిన్నం. విభజన చట్టం అయిదో సెక్షన్ హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా రెండు రాష్ట్రాలకూ రాజధాని అన్నది. 2024 జూన్ 2న గడువు తీరింది. పొడిగించాలని అక్కడక్కడ మాట వినిపించింది కానీ బలం లేదు. ఎందుకంటే అసలు ముగింపు ఎప్పుడో అయిపోయింది. 2016లోనే ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి కదిలింది, 2017 మార్చిలో శాసనసభ అక్కడ కూర్చుంది, 2019 జనవరి 1న హైకోర్టు వేరుపడింది. కాగితం మీద పదేళ్లు, మనుషుల్లో రెండున్నరేళ్లు. గడువు కంటే ముందే అవసరం తీరిన తాత్కాలికం నేను చూసినంతలో ఇదొక్కటే. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. పదేళ్ల తాత్కాలికాన్ని వదిలేసి వెళ్లిన చోట కట్టుకున్నది తాత్కాలిక సచివాలయం, తాత్కాలిక శాసనసభ, ఆ తర్వాత తాత్కాలిక హైకోర్టు. తాత్కాలికమన్న మాటకు ప్రతిపక్షాల వెక్కిరింత ఎక్కువై, అధికారిక కాగితాల్లో మధ్యంతర ప్రభుత్వ భవన సముదాయం అయింది. అదే చట్టం 95వ సెక్షన్ కింద పదేళ్ల ఉమ్మడి ప్రవేశాలు కూడా నడిచాయి. ఎంసెట్ రాసిన పిల్లల తల్లిదండ్రులకు 15 శాతం ఓపెన్ సీట్ల లెక్క రాజధాని లెక్క కంటే బాగా తెలుసు. నిజానికి తెలుగువాళ్ల రాజధానులకు ఇదేమీ కొత్త కాదు. 1953లో మద్రాసు తాత్కాలికంగానైనా దొరుకుతుందేమోనని చూసి, దొరకక కర్నూలుకు వెళ్లినవాళ్లం. ఆ కర్నూలు మూడేళ్లే రాజధాని.

పన్నుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చింది 1857 తిరుగుబాటు ఖర్చులు పూడ్చడానికి, అయిదేళ్లకని. 1865లో నిజంగానే ఆపేశారు. మళ్లీ తెచ్చి, మళ్లీ ఆపి, 1886లో స్థిరమైన చట్టం చేశారు. జీఎస్టీ పరిహార సెస్సు 2017 జులై నుంచి అయిదేళ్లకని వచ్చి, కోవిడ్ కాలపు అప్పులు తీర్చాలంటూ 2026 మార్చి 31 దాకా పొడిగింపు పొందింది. ఖజానాకు అలవాటైన రూపాయిని వదులుకోవడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు, ఇందులో సిద్ధాంతమేమీ లేదు.

నిర్బంధ చట్టాల దగ్గర ఈ మాట ప్రమాదకరంగా మారుతుంది. విచారణ లేకుండా జైల్లో పెట్టే ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టాన్ని 1950లో ఒక్క ఏడాదికని చేశారు. మళ్లీ మళ్లీ పొడిగించి 1969 చివరి దాకా నడిపారు. రెండేళ్లు తిరగకముందే మీసా వచ్చింది. 1985లో రెండేళ్లకని వచ్చిన టాడాను కూడా పొడిగించుకుంటూ వెళ్లారు, దేశమంతటా వ్యతిరేకత పెరిగాక 1995 మేలో పొడిగించకుండా వదిలేశారు. చట్టం చచ్చినా దాని కేసులు చావలేదు. గడువు తీరకముందు జరిగిన నేరాల విచారణ కొనసాగవచ్చన్న రక్షణ వాక్యం అందులోనే ఉంది. 1993 ముంబయి పేలుళ్ల కేసులో టాడా కోర్టు తీర్పులు 2006, 2007లో వచ్చాయి, చట్టం పోయిన పదేళ్లు దాటాక. మూడేళ్లకని తెచ్చిన పోటాను 2004లో రద్దు చేస్తూ, అందులోని ఉగ్రవాద నిబంధనలు చాలావాటిని అప్పుడే ఉపా చట్టంలోకి మార్చారు. ఉపాకు గడువు లేదు. కఠిన చట్టానికి గడువుండటం పౌరుడికి ఊరట అనుకుంటాం. గడువు ఉందన్న సాకుతోనే సభలో మామూలుగా దొరకని సమ్మతి దొరుకుతుందని, గడువు ముగిశాక ఆ సమ్మతి అలాగే ఉండిపోతుందని ఈ వరస చెబుతోంది.

ఆర్డినెన్సు పద్ధతిది ఇంకో రకం మోసం. అది పుట్టుకతోనే అల్పాయుష్షు: సభ మళ్లీ కూడిన ఆరు వారాలకు ఆమోదం లేకపోతే పోతుంది. బిహార్ ప్రభుత్వం సభ ముగియగానే అదే ఆర్డినెన్సును మళ్లీ జారీ చేసేది. 1967, 1981 మధ్య 256 ఆర్డినెన్సులు ఇలా నడిచాయని, కొన్ని పద్నాలుగేళ్ల దాకా బతికాయని డి.సి. వాధ్వా అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు లెక్కతీసి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1986లో కోర్టు దాన్ని రాజ్యాంగానికి చేసిన మోసమన్నది.

కోర్టుల సొంత తాత్కాలికం స్టే. పల్లెల్లో 'స్టే తెచ్చుకున్నాడు' అంటే కేసు గెలిచాడన్నంత ధీమా. అందులో అన్యాయం ఉందని రాజ్యాంగానికీ తెలుసు. అవతలి పక్షం మాట వినకుండా హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును తొలగించమని దరఖాస్తు పెడితే, రెండు వారాల్లో తేల్చకపోతే ఆ ఉత్తర్వు దానంతటది పోతుందని 226(3) చెబుతుంది. 2018లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, సివిల్, క్రిమినల్ విచారణల మీది స్టేలు ఆరు నెలలకు వాటంతటవే రద్దవుతాయన్నది. ఆరేళ్లకు, 2024 ఫిబ్రవరి 29న, అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని వెనక్కి తీసుకున్నారు. కోర్టు తీరిక లేక తేల్చకపోతే కక్షిదారు ఎందుకు నష్టపోవాలన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఎవరూ కదలకపోతే ఆగిపోవాలన్న నియమం, కదలవలసినవాడు నువ్వు కానప్పుడు, శిక్ష అవుతుంది.

ఆ శిక్షను రోజూ అనుభవించేవాళ్లు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. ఎన్‌ఎంఆర్, డైలీ వేజ్, కన్సాలిడేటెడ్ పే, అడ్‌హాక్, కాంట్రాక్టు, ఇప్పుడు అవుట్‌సోర్సింగ్. పేర్లు మారినకొద్దీ ప్రభుత్వానికీ మనిషికీ మధ్య దూరం పెరిగిందే తప్ప పని మారలేదు. 1980లలో నెలకు 398 రూపాయలకు చేరిన స్పెషల్ టీచర్లను రిటైరయ్యేదాకా ఆ అంకెతోనే పిలిచారు. ఏడాదికొకసారి ఒకరోజు విరామం చూపించి మళ్లీ కొత్తగా చేరినట్టు రాయించుకునే పద్ధతి తెలియని కాంట్రాక్టు ఉద్యోగి లేడు. ఉద్యోగం తాత్కాలికం, పోస్టు శాశ్వతం, మనిషి మాత్రం తన యవ్వనమంతా 'పర్మినెంట్ అయిందా?' అన్న ప్రశ్నకు జవాబు చెబుతూ గడుపుతాడు. పెళ్లి సంబంధాల్లోనూ అదే మొదటి ప్రశ్న.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ తంతును ఆపాలని 1994లో రెండో నంబర్ చట్టం చేసింది. ఇకపై అనుమతి లేకుండా డైలీ వేజ్ నియామకాలు వద్దన్నది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చిన 212 జీవో, 1993 నవంబర్ 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను క్రమబద్ధం చేస్తామన్నది. ఆ తేదీకి నాలుగేళ్ల పదకొండు నెలలున్నవాళ్ల కేసులు దశాబ్దాల పాటు కోర్టుల్లో తిరిగాయి. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తులు పెద్ద గీత గీశారు: దొడ్డిదారిన వచ్చిన తాత్కాలిక ఉద్యోగికి ఎన్నేళ్లు చేసినా క్రమబద్ధీకరణ హక్కు కాదు, మంజూరైన పోస్టుల్లో పదేళ్లు దాటినవాళ్లకు ఒక్కసారికి మాత్రం మినహాయింపు. పోటీ పరీక్ష రాయడానికి కూర్చున్న లక్షలమంది నిరుద్యోగుల పక్షాన ఆ తీర్పులో న్యాయం ఉంది. ప్రభుత్వాలు మాత్రం అందులో సగమే చదివాయి. క్రమబద్ధం చేయనక్కర్లేదన్న భాగం గుర్తుంది, ఇలా నియమించవద్దన్న భాగం మరిచిపోయాయి. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చి, తోటపని చేసి, 2018లో ఒక్క ఉత్తర్వుతో బయటపడ్డవాళ్ల విషయంలో సుప్రీంకోర్టు ఆ సగం చదువునే తప్పుపట్టింది. పని రోజూ ఉండేదైతే, పనిచేసేవాడు ఏళ్ల తరబడి ఉంటే, నియామక పత్రంలో తాత్కాలికమని రాసినంత మాత్రాన సరిపోదన్నది. 370 మీద అడిగిన ప్రశ్నే ఇది, ఊడ్చే మనిషి విషయంలో అడగడానికి ఎక్కువ కాలం పట్టింది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ బాధ ఇంకో భాషలో తెలుసు. హెచ్1బి మీద వచ్చేవాణ్ని అక్కడి చట్టం తాత్కాలికంగా వస్తున్న మనిషిగానే నిర్వచిస్తుంది. మూడేళ్లు, మరో మూడేళ్లు. గ్రీన్‌కార్డు దరఖాస్తు మొదటి మెట్లు దాటితే, వంతు వచ్చేదాకా పొడిగించుకోవచ్చని 2000 నాటి చట్టం వెసులుబాటు ఇచ్చింది. ఏ దేశానికైనా ఏడాదికి ఏడు శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుడి వంతు దశాబ్దాలకు గానీ రాదు. ఇల్లు కొని, పిల్లల్ని కని, కాలేజీకి పంపే వయసు దాకా పెంచి, చట్టం దృష్టిలో ఇంకా చుట్టపుచూపుగానే ఉండిపోతారు. ఇక్కడినుంచి చిన్నప్పుడు తీసుకెళ్లిన పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ కూడా ఉండదు. తాత్కాలికంలోని తాత్కాలికం వాళ్లది.

ఇక ముందున్నది మహిళా రిజర్వేషన్. 2023లో చేసిన 106వ సవరణ చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇస్తూ 334ఎ అధికరణాన్ని చేర్చింది. ఆ చట్టం తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడి, వాటి మీద నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే ఇది మొదలవుతుందని, పదిహేనేళ్లకు ముగుస్తుందని అందులో ఉంది. అంటే మొదలయ్యే తేదీ లేని ఏర్పాటుకు ముగిసే గడువు ముందే పెట్టారు. ఆ పదిహేనేళ్లను మహిళలు సీట్లలో కూర్చున్న రోజు నుంచి లెక్కపెట్టాలా, చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచా అన్నది వాక్యం చదివినకొద్దీ రెండోవైపే మొగ్గుతున్నట్టుంది. అదే అధికరణం రెండో క్లాజు మాత్రం పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయించే తేదీ దాకా ఈ సీట్లు కొనసాగుతాయంటోంది. 334కు పదేళ్లకొకసారి రాజ్యాంగ సవరణ కావాలి. 334ఎకు మామూలు చట్టం చాలు. పొడిగించడం అంత తేలిక, పొడిగించకుండా ఊరుకోవడం ఇంకా తేలిక.